మాటలుంటే గాస్పెల్, మాటల్లేకపోతే పాప్

2005 ఫిబ్రవరిలో ఇచ్చిన గ్రామీ అవార్డుల్లో ‘దేర్ విల్ బి ఎ లైట్’ అనే ఆల్బమ్‌కి రెండు బహుమతులు దక్కాయి. అరవై ఏళ్లకు పైగా భక్తిపాటలే పాడుతూ వచ్చిన బ్లైండ్ బాయ్స్ ఆఫ్ అలబామా బృందం, బెన్ హార్పర్ అనే రాక్ గిటారిస్టు కలిసి చేసిన ఆల్బమ్ అది. 2004 సెప్టెంబరులో వచ్చింది. మొత్తం 11 ట్రాకులు. ఆల్బమ్‌కి సంప్రదాయ సోల్ గాస్పెల్ విభాగంలో బహుమతి ఇచ్చారు. అందులోని అయిదో ట్రాక్ ‘లెవెన్త్ అవర్’కి మాత్రం విడిగా, పాప్ వాద్యసంగీతం విభాగంలో ఇచ్చారు.

‘లెవెన్త్ అవర్’లో పాట లేదు. వాయిద్యమే.

నాకు ఈ సంగతి మొదట మామూలుగానే అనిపించింది. తర్వాత ఆలోచిస్తే చాలా పెద్ద విషయం ఇందులో దాగుందని అర్థమైంది. అదే ఆల్బమ్, అదే మనిషి, అదే గిటార్. పైగా ఆ ట్రాక్ పేరు గుర్తుచేసేది బైబిల్ కథనే. ద్రాక్షతోటలో సాయంత్రం చివరి గంటలో పనికొచ్చిన కూలీకి కూడా యజమాని పూర్తి కూలి ఇచ్చిన కథలో ఆ చివరి గంటే పదకొండో గంట. అయినా పాడే గొంతు లేదు కాబట్టి, దేవుడి పేరు వినిపించదు కాబట్టి, అది పాప్ అయింది. ముందూ వెనకా ఉన్న పాటల్లో మాటలున్నాయి కాబట్టి అవి గాస్పెల్.

గాస్పెల్, బ్లూస్, సోల్, రాక్ కలిపిన ఆల్బమ్ అని దీన్ని అందరూ పరిచయం చేస్తారు. గాస్పెల్ అంటే నల్లజాతి అమెరికన్ల చర్చి పాట, బ్లూస్ అంటే వాళ్లదే చర్చి బయటి కష్టసుఖాల పాట, సోల్ అంటే గాస్పెల్ గొంతుతో పాడే ప్రేమపాట. నాలుగు వేర్వేరు దినుసులు తెచ్చి ఒక గిన్నెలో వేసి కలిపినట్టు ఉంటుంది ఆ మాట. చరిత్ర చూస్తే అలా కనిపించదు. ఈ నాలుగింటి మధ్య ఉన్న గీత సంగీతంలో ఎప్పుడూ గట్టిగా లేదు. అది మాటల్లో ఉంది. పాట ఎవరిని పిలుస్తోంది, దేవుడినా ప్రియురాలినా అన్నదే తేడా. ఆ తేడా కోసం మనుషులు జీవితాలే పణంగా పెట్టారు.

ముందుగా పేర్ల చిక్కు విప్పాలి. మనలో చాలామంది నల్లజాతి అమెరికన్ల చర్చి పాటలన్నిటినీ గాస్పెల్ అనేస్తాం. కానీ బానిసత్వం రోజుల్లో పొలాల్లో, రహస్యంగా జరుపుకున్న ప్రార్థనల్లో పుట్టిన పాటల్ని స్పిరిచువల్స్ అంటారు. వాటికి రాసిన కవి ఎవరో తెలియదు. నాష్‌విల్‌లోని ఫిస్క్ కాలేజీ విద్యార్థులు 1871లో ఆ పాటల్ని వేదికల మీద పాడుతూ ఊరూరా తిరిగి, కాలేజీకి డబ్బు సంపాదించారు. ప్రపంచానికి స్పిరిచువల్స్ తెలిసింది అప్పుడే. గాస్పెల్ దాని తర్వాతి తరం. పల్లెలు వదిలి షికాగో లాంటి నగరాలకు వలస వచ్చిన జనం మధ్య, 1920, 30ల్లో రూపు దిద్దుకుంది. దానికి రాసినవాళ్లున్నారు, అచ్చువేసి అమ్మినవాళ్లున్నారు. వాళ్లలో అందరికంటే ముఖ్యుడు బ్లూస్ పియానో వాయించుకుని బతికిన మనిషి.

ఆయన పేరు థామస్ డోర్సీ. 1899లో జార్జియా రాష్ట్రంలోని విలా రికాలో పుట్టాడు. జార్జియా టామ్ అనే పేరుతో బ్లూస్ వాయించేవాడు. ఆ రోజుల్లో బ్లూస్ రాణిగా వెలిగిన మా రెయినీ వెంట పియానో వాయించాడు. 1928లో ట్యాంపా రెడ్ అనే గిటారిస్టుతో కలిసి ద్వంద్వార్థాల పాట ఒకటి రికార్డు చేస్తే అది విపరీతంగా అమ్ముడైంది. ఇంకోవైపు చర్చి పాటలు కూడా రాస్తూనే ఉన్నాడు, కానీ పెద్ద చర్చిలు వాటిని రానివ్వలేదు. ఆ పియానో చప్పుడులో వాళ్లకి సారా దుకాణం వినిపించింది.

1932లో డోర్సీ వేరే ఊళ్లో సభలో ఉండగా, షికాగోలో ఆయన భార్య నెట్టీ కాన్పులో చనిపోయింది. పుట్టిన బిడ్డ కూడా దక్కలేదు. ఆ దుఃఖంలోంచి వచ్చిన పాట ‘టేక్ మై హ్యాండ్, ప్రెషస్ లార్డ్’. చెయ్యి పట్టుకుని నడిపించు ప్రభూ అని వేడుకోవడం. మార్టిన్ లూథర్ కింగ్‌కి ప్రాణప్రదమైన పాట అది. 1968లో ఆయన అంత్యక్రియల్లో గాస్పెల్ గాయని మహాలియా జాక్సన్ దాన్నే పాడింది. ఇంత పవిత్రంగా నిలబడిన పాటలోనూ ఉన్నది బ్లూస్ వాయించిన చెయ్యే. అంటే గాస్పెల్‌లో బ్లూస్‌ని ఎవరో తర్వాత కలపలేదు. మొదటి రోజునుంచే ఉంది.

వినడంలో ఇది ఎలా తెలుస్తుంది? మూడు విషయాలు పట్టుకుంటే చాలు.

మొదటిది పిలుపూ జవాబూ. ఒకరు ముందు పాడతారు, మిగతావాళ్లు అందుకుంటారు. బుర్రకథలో కథకుడికి వంతలు ఉన్నట్టే. అయితే గాస్పెల్ క్వార్టెట్‌లో, అంటే కొద్దిమంది గాయకుల బృందంలో, దీన్ని ఇంకో మెట్టు ఎక్కిస్తారు. పాట సగం దాటాక వెనకవాళ్లు ఒకే చిన్న ముక్కను పట్టుకుని ఆపకుండా తిప్పుతూ ఉంటారు. ముందున్న గాయకుడు దాని మీద మాటలు అల్లుతూ, అరుస్తూ, మూలుగుతూ పోతాడు. పాట ముగుస్తుందని మనం అనుకున్న చోటే అసలు పాట మొదలవుతుంది. సోల్ గాయకులు వేదిక మీద చివరి అయిదు నిమిషాలు చేసేదంతా ఇక్కణ్ణుంచి వచ్చిందే. బ్లూస్‌లో ఇదే పని గిటార్ చేస్తుంది. గాయకుడు ఒక వాక్యం పాడి ఆగితే తీగ జవాబు చెబుతుంది.

రెండోది వంగిన స్వరం. గాంధారాన్నీ నిషాదాన్నీ ఉన్నచోట ఉంచకుండా కొంచెం కిందికి లాగి పాడతారు. అది పియానో మెట్ల మధ్యలో ఎక్కడో ఉంటుంది. గమకాలకు అలవాటైన మన చెవికి ఇది కొత్తగా తోచదు. పాశ్చాత్య సంగీతం మాత్రమే నేర్చుకున్నవాళ్లకి ఇది తప్పుస్వరంలా వినిపించిందని అప్పటి రాతలు చదివితే తెలుస్తుంది.

మూడోది, ఈ ఆల్బమ్‌కి అన్నిటికంటే దగ్గరిది, జారు. తీగను వేలితో నొక్కకుండా దాని మీద ఒక సీసా మెడనో, ఇనప ముక్కనో జారిస్తే స్వరం మెట్లు మెట్లుగా కాకుండా గొంతులా సాగుతూ కదులుతుంది. గోటువాద్యం విన్నవాళ్లకి ఆ ధ్వని వెంటనే పట్టుబడుతుంది. 1927 డిసెంబరులో డల్లస్‌లో బ్లైండ్ విల్లీ జాన్సన్ అనే అంధ గాయకుడు ఇలా జారుస్తూ ఒక ట్రాక్ రికార్డు చేశాడు. పేరు ‘డార్క్ వాజ్ ది నైట్, కోల్డ్ వాజ్ ది గ్రౌండ్’. అందులో మాటలు లేవు. గిటార్, దాని వెంట ఒక మూలుగు, అంతే. గెత్సేమనే తోటలో క్రీస్తు గడిపిన రాత్రి మీద ఉన్న పాత కీర్తన నుంచి ఆ పేరు వచ్చింది. జాన్సన్ రికార్డు చేసినవన్నీ భక్తిపాటలే, అయినా బ్లూస్ గిటారిస్టులందరూ ఆయన్ని తమవాడనే అనుకుంటారు. 1977లో వాయేజర్ అంతరిక్ష నౌకల్లో పంపిన బంగారు రికార్డులో మనిషి ఒంటరితనానికి గుర్తుగా ఈ ట్రాక్ పెట్టారు. అది గాస్పెలా, బ్లూసా? మాట లేనప్పుడు చెప్పడానికి ఆధారం ఉండదు. ‘లెవెన్త్ అవర్’కి ఎదురైన ప్రశ్నే ఇదీ.

అదే ఇనప ముక్క కొన్ని చర్చిల్లో ఆరాధనకే ముఖ్యవాద్యం అయింది. హౌస్ ఆఫ్ గాడ్ అనే సంఘంలో 1930ల నుంచీ స్టీల్ గిటారే ప్రధానం. పాస్టర్ గొంతును అనుకరిస్తూ, ఏడిపిస్తూ, లేపి గంతులేయిస్తూ వాయిస్తారు. రాబర్ట్ రాండాల్ఫ్ ఆ చర్చిలో పెరిగినవాడే. అతను వాయిస్తుంటే కచేరీకి వచ్చిన రాక్ అభిమానులు ఊగిపోతారు, చర్చికి వచ్చిన ముసలమ్మలు చేతులెత్తి ఏడుస్తారు.

సంగీతం ఇలా గోడలు లేకుండా తిరుగుతుంటే, మాటల దగ్గర మాత్రం కాపలా చాలా గట్టిగా ఉండేది. సిస్టర్ రోసెటా థార్ప్ సంగతే చూడండి. 1915లో ఆర్కన్సాలో పుట్టి, చర్చిలో గిటార్ పట్టుకుని పెరిగిన మనిషి. 1938లో ఆమె డోర్సీ పాట ఒకదాన్ని తీసుకుని ‘రాక్ మీ’ అనే పేరుతో రికార్డు చేసింది. డోర్సీ రాసింది దేవుడి ఒడిలో దాచుకోమన్న ప్రార్థన. పేరు మారి, నైట్‌క్లబ్‌లో బ్యాండుతో పాడేసరికి అది ఎవరి ఒడి అన్న అనుమానం వచ్చింది. క్లబ్బుల్లో పాడినందుకు చర్చివాళ్లు ఆమెను చాలా మాటలన్నారు. 1947లో జార్జియాలోని మేకన్‌లో 14 ఏళ్ల కుర్రాణ్ణి ఆమె వేదిక మీదికి పిలిచి పాడించింది. ఆ కుర్రాడే తర్వాత రాక్ అండ్ రోల్ గాయకుడు లిటిల్ రిచర్డ్ అయ్యాడు. ఎలక్ట్రిక్ గిటార్ మెడలో వేసుకుని, దేవుడి పాట పాడుతూ ఆమె చేసినదాన్ని తర్వాతి తరం రాక్ అండ్ రోల్ అంది. రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆమెకు చోటు దొరికింది 2018లో. అప్పటికి ఆమె చనిపోయి 45 ఏళ్లు.

సోల్ పుట్టుక ఇంకా సూటిగా ఉంటుంది. 1954లో సదర్న్ టోన్స్ అనే గాస్పెల్ బృందం పాట ‘ఇట్ మస్ట్ బి జీసస్’ను గాయకుడు, పియానిస్టు రే చార్ల్స్ రేడియోలో విన్నాడు. దాని మీదనే ‘ఐ గాట్ ఎ వుమన్’ కట్టాడు. ఏసు ఉన్న చోట ఒక స్త్రీ వచ్చింది. గొంతులోని ఆవేశం, చప్పట్ల లయ మాత్రం చర్చివే. భక్తిని అపవిత్రం చేశాడని ఆయన్ని తిట్టినవాళ్లకి లెక్క లేదు. సామ్ కుక్ ఇంకా భయపడ్డాడు. సోల్ స్టిరర్స్ అనే గొప్ప గాస్పెల్ బృందానికి ముందు గాయకుడుగా ఉంటూనే 1956లో ప్రేమపాట విడుదల చేశాడు, కానీ డేల్ కుక్ అని దొంగపేరు పెట్టుకుని. పాట కూడా తమ గాస్పెల్ పాట ‘వండర్‌ఫుల్’నే ‘లవబుల్’గా మార్చినది. ఆ గొంతు ఎవరిదో అందరూ పట్టేశారు. మరుసటి ఏడాది ‘యూ సెండ్ మీ’ దేశమంతా మోగిపోయింది. ఆ తర్వాత అతని దారి ప్రేమపాటలదే అయింది.

తెలుగువాళ్లకి ఈ టెన్షన్ కొంచెం వింతగా అనిపించవచ్చు. అన్నమయ్య రాగిరేకుల మీద ఆధ్యాత్మ సంకీర్తనలూ ఉన్నాయి, శృంగార సంకీర్తనలూ ఉన్నాయి. రెండూ వెంకటేశ్వరుడికే. క్షేత్రయ్య పదంలో నాయిక విరహంతో వేగిపోయి పిలిచేదీ మువ్వగోపాలుడినే. ప్రియుణ్ణీ దేవుణ్ణీ ఒకే మాటతో పిలవడానికి మన దగ్గర ఒక దారి ఉంది. బాణీ విషయంలో తెలుగు క్రైస్తవులు కూడా ఉదారంగానే ఉన్నారు. పురుషోత్తమ చౌదరి లాంటివాళ్లు కర్ణాటక రాగతాళాల్లో రాసిన కీర్తనలు ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో రాగం పేరుతో సహా అచ్చయి, ఈనాటికీ ఆదివారాలు పాడుతున్నారు. అమెరికా నల్లజాతి చర్చికి ఇంత తీరిక లేదు. బానిసత్వం తర్వాత ఆ మనుషులకు తమదంటూ మిగిలిన ఒకే ఒక చోటు చర్చి. దానికి గుమ్మం ఉండాలి, గుమ్మం బయట ఉన్నది లోపలికి రాకూడదు అనుకోవడంలో నాకు సంకుచితత్వం కన్నా ఆత్మరక్షణే ఎక్కువ కనిపిస్తుంది.

ఆ గుమ్మం దాటనివాళ్లు బ్లైండ్ బాయ్స్.

అలబామా రాష్ట్రంలో ట్యాలడీగా అనే ఊళ్లో నల్లజాతి అంధ పిల్లల కోసం విడిగా ఒక ప్రభుత్వ పాఠశాల ఉండేది. తెల్లపిల్లల బడి వేరు. 1939లో ఆ బడి పిల్లలు కొందరు జట్టుగా పాడటం మొదలుపెట్టారు. క్లారెన్స్ ఫౌంటెన్, జార్జ్ స్కాట్, జానీ ఫీల్డ్స్, ఓలిస్ థామస్, వెల్మా ట్రేలర్. రేడియోలో గోల్డెన్ గేట్ క్వార్టెట్ పాటలు విని వాటిని గొంతుల్లోకి ఎక్కించుకున్నారు. హ్యాపీ లాండ్ జూబిలీ సింగర్స్ అని పేరు పెట్టుకున్నారు. 1944 జూన్‌లో బర్మింగ్‌హామ్ రేడియో కేంద్రంలో పాడారు, తర్వాత బడి వదిలేసి ఊళ్లు పట్టుకున్నారు. 1947లో వెల్మా ట్రేలర్ చనిపోయాడు. 1948లో న్యూజెర్సీలో ఒక నిర్వాహకుడు వీళ్లనీ మిసిసిపీ నుంచి వచ్చిన ఇంకో అంధ గాయకుల బృందాన్నీ ఒకే వేదిక మీద పోటీకి నిలబెట్టి, అలబామా అంధ బాలురు, మిసిసిపీ అంధ బాలురు అని ప్రచారం చేశాడు. ఆ పేరు అతుక్కుపోయింది. ఎనభై ఏళ్ల వయసులో కూడా వాళ్లు ‘బాయ్స్’ గానే ఉన్నారు.

1949లో వాళ్లకి పేరు తెచ్చిన పాట ‘ఐ కెన్ సీ ఎవ్రీబడీస్ మదర్’. అందరి అమ్మలూ కనిపిస్తున్నారు, నా అమ్మే కనిపించడం లేదని. చూపులేని మనుషులు ఆ మాట పాడితే విన్నవాళ్లకి ఏమయ్యుంటుందో ఊహించుకోవచ్చు.

1953లో వీళ్లు స్పెషాల్టీ అనే రికార్డు కంపెనీకి వచ్చారు. సామ్ కుక్ రికార్డు చేస్తున్నదీ అక్కడే. కళ్ల ముందే అతను ప్రేమపాటలతో కోట్లమందికి చేరాడు. వీళ్లకీ ఆ దారి తెరిచే ఉంది, రమ్మన్నవాళ్లున్నారు. ఫౌంటెన్ గొంతు సోల్ గొంతే, రౌద్రం ఉన్న గొంతు, ఒక మాట మారిస్తే చాలు. ఆ ఒక్క మాట మార్చడానికి ఆయన ఒప్పుకోలేదు. దాని ఖరీదు కూడా కట్టారు. 1960ల తర్వాత గాస్పెల్ క్వార్టెట్ల కాలం తగ్గిపోయింది. చిన్న ఊళ్లు, చిన్న చర్చిలు, చిన్న డబ్బులు. 1983లో గ్రీకు విషాద నాటకాన్ని గాస్పెల్‌లోకి మార్చిన ‘ది గాస్పెల్ ఎట్ కొలోనస్’లో అంధుడైన ఈడిపస్ పాత్రను బృందమంతా కలిసి పాడాక గానీ చర్చి బయటి ప్రపంచం వీళ్లని మళ్లీ గమనించలేదు.

ఆ తర్వాత వాళ్లు ఎంచుకున్న పద్ధతి నాకు చాలా తెలివైనదిగా అనిపిస్తుంది. వాళ్లు మాట మార్చుకోలేదు, చుట్టూ ఉన్నదంతా మార్చుకున్నారు. 2001లో రాక్ గాయకుడు పీటర్ గాబ్రియెల్‌కి చెందిన రియల్ వరల్డ్ కంపెనీ నుంచి వచ్చిన ‘స్పిరిట్ ఆఫ్ ది సెంచరీ’లో వెనక వాయించినవాళ్లు బ్లూస్, జానపద సంగీతాల్లో ఆరితేరినవాళ్లు. అందులో ‘అమేజింగ్ గ్రేస్’ను వేశ్యావాటికలో పాడైపోయిన బతుకు కథ చెప్పే పాత జానపద పాట ‘హౌస్ ఆఫ్ ది రైజింగ్ సన్’ బాణీలో పాడారు. ప్రపంచంలో అందరికీ తెలిసిన భక్తిగీతానికి అందరికీ తెలిసిన పాపపు పాట బాణీ! ఛందస్సు అతికినట్టు సరిపోయింది. గీత మాటల్లోనే ఉందనడానికి ఇంతకంటే రుజువు నాకు దొరకలేదు. ఆ ఆల్బమ్‌కి గ్రామీ వచ్చింది, తర్వాత రెండు ఏళ్లూ వాళ్ల కొత్త ఆల్బమ్‌లకి వచ్చింది. నాలుగోది హార్పర్‌తో చేసినదానికి.

బెన్ హార్పర్ వాళ్ల మనవడి వయసువాడు. 1969లో పుట్టాడు. కాలిఫోర్నియాలోని క్లేర్మాంట్‌లో వాళ్ల అమ్మమ్మ, తాతయ్య 1958లో ఒక వాయిద్యాల దుకాణం పెట్టారు, ఇప్పటికీ ఉంది. ప్రపంచంలో ఎక్కడెక్కడి తీగవాద్యాలో గోడలకి వేలాడుతుండే ఆ చోట పెరిగాడు. అతను ఎంచుకున్నది వైసెన్‌బోర్న్. 1920ల్లో, హవాయి సంగీతం అంటే అమెరికా ఊగిపోతున్న రోజుల్లో, లాస్ ఏంజెలిస్‌లో హెర్మన్ వైసెన్‌బోర్న్ తయారుచేసిన గిటార్ అది. ఒళ్లో పడుకోబెట్టి ఇనప ముక్కతో జారుస్తూ వాయిస్తారు. మెడ కూడా లోపల బోలుగా ఉండటంతో ధ్వని ఆ చివరినుంచి ఈ చివరిదాకా తిరుగుతుంది. బ్లైండ్ విల్లీ జాన్సన్ జారు, చర్చి స్టీల్ జారు, హవాయి జారు, అన్నీ ఆ ఒక్క పెట్టెలో ఉన్నాయి.

ఇద్దరూ ఒక్కసారిగా కలవలేదు. 2001 ఆల్బమ్‌లోనే బ్లైండ్ బాయ్స్ అతని పాట ‘గివ్ ఎ మ్యాన్ ఎ హోమ్’ పాడారు. 2002లో ‘హయ్యర్ గ్రౌండ్’కి అతను వచ్చి వాయించాడు, పైన చెప్పిన రాబర్ట్ రాండాల్ఫ్ కూడా ఉన్నది దాంట్లోనే. 2004లో ఒకటి రెండు పాటలు చేద్దామని హాలీవుడ్‌లోని కేపిటల్ స్టూడియోలో కూర్చుంటే, కొద్ది రోజుల్లోనే మొత్తం ఆల్బమ్ తయారైంది. హార్పర్ తన బ్యాండునే తెచ్చుకున్నాడు. బేస్ మీద హువాన్ నెల్సన్, డ్రమ్స్ మీద ఆలివర్ చార్ల్స్, తాళవాద్యాల మీద లియాన్ మోబ్లీ.

ఇలాంటి కలయికల్లో మామూలుగా జరిగేదేమిటంటే, పెద్ద పేరున్న కుర్రవాడు ముందు నిలబడి పాడతాడు, వృద్ధులు వెనక చర్చి వాతావరణం కోసం ఊ కొడతారు. ఇక్కడ అలా కాలేదు. మొదటి పాట ‘టేక్ మై హ్యాండ్’ మొదలవగానే డ్రమ్స్, బేస్ కలిసి ఫంక్ అనే నాట్యపు లయ నడకలో పడతాయి. కూర్చున్న చోటే కాలు కదులుతుంది. దాని మీద ఆ వృద్ధుల గొంతు గరుగ్గా దిగుతుంది. లయ 1970ల క్లబ్‌ది, మాట చర్చిది. పేరులోని మాటలు డోర్సీ పాట పేరులోని మొదటి మూడు మాటలే కావడం నాకు ప్రతిసారీ గుర్తొస్తుంది. ‘వికెడ్ మ్యాన్’ బ్లూస్ ధోరణిలో పాపిని నిలదీస్తుంది. ‘చర్చ్ హౌస్ స్టెప్స్’లో మళ్లీ ఊపు. బాబ్ డిలన్, డానీ ఓకీఫ్ కలిసి రాసిన ‘వెల్, వెల్, వెల్’ చర్చి పాట కానే కాదు, నీళ్లను దోచుకునేవాళ్లకి హెచ్చరిక. కానీ ఆ గొంతుల్లో అది పాతనిబంధన ప్రవక్త మాటలా వినిపిస్తుంది. ‘శాటిస్‌ఫైడ్ మైండ్’ 1955లో పోర్టర్ వాగనర్ పాడగా పేరుపొందిన కంట్రీ పాట. ‘మదర్ ప్రే’లో వాయిద్యాలన్నీ పక్కన పెట్టేసి గొంతులతోనే పాడారు. ట్యాలడీగా బడిలో పాడినప్పుడు వాళ్ల దగ్గర ఉన్నది కూడా అదే.

నేను ఎక్కువసేపు ఆగేది ‘ఐ షల్ నాట్ వాక్ అలోన్’ దగ్గర. హార్పర్ దీన్ని 1997లోనే తన సొంత ఆల్బమ్ ‘ది విల్ టు లివ్’లో పాడాడు. అక్కడది చీకట్లో తనలో తాను మాట్లాడుకునే ఒక కుర్రవాడి పాట. నేను ఒంటరిగా నడవను అన్నది ఆశ, ఒక కవితాత్మకమైన మాట. బ్లైండ్ బాయ్స్ వేదిక మీదికి ఎలా వస్తారో చూసినవాళ్లకి ఆ మాట అర్థమే మారిపోతుంది. ముందున్న మనిషి భుజం మీద వెనకవాడు చెయ్యి వేస్తాడు, అతని భుజం మీద ఇంకొకడు. అలా వరసగా నడిచి వస్తారు. అరవై ఏళ్లుగా అలాగే నడిచారు. నేను ఒంటరిగా నడవను అని వాళ్లు పాడితే అందులో పోలిక లేదు, ఉపమానం లేదు, రోజూ చేసే పని ఉంది. పాట రాసినప్పుడు హార్పర్‌కి కూడా తెలియని అర్థం ఇది. నా లెక్కలో ఈ ఆల్బమ్ చేసిన గొప్ప పని ఇదే. బ్లూస్ గిటార్, రాక్ డ్రమ్స్ పక్కన పెట్టినా ఈ ఒక్క పాట కోసం ఇద్దరూ కలిసి ఉండాల్సిందే.

ఇక్కడ హార్పర్ పోషించిన పాత్ర గురించి ఒక మాట చెప్పాలి. సామ్ కుక్ చర్చి సంగీతం తీసుకుని బయటికి వెళ్లాడు. రే చార్ల్స్ బాణీ ఉంచి మాట మార్చాడు. హార్పర్ తన క్లబ్బు వాయిద్యాలన్నీ మోసుకుంటూ, మాట మాత్రం వాళ్లదే పెట్టుకుని, గుమ్మంలోంచి లోపలికి వచ్చాడు. వృద్ధులు ఒక్క అడుగు కూడా బయటికి వేయాల్సిన అవసరం రాలేదు. అతని సొంత పాటల్లో ముందునుంచే ప్రార్థన ఉండటం వల్ల ఇది నటనలా అనిపించదు.

లోటు కూడా ఉంది. గాస్పెల్‌కి జవాబు చెప్పే జనం కావాలి. ముందు గాయకుడు ఒక మాట విసిరితే సభలోంచి అవును ప్రభూ అన్న కేక రావాలి, అప్పుడే అతను ఇంకో మెట్టు ఎక్కుతాడు. స్టూడియోలో ఆ సభ లేదు. కొన్ని పాటలు అందుకే మరిగే లోపే ఆగిపోతాయి, నాలుగు నిమిషాలకి ముగిసిపోతాయి. దీనికి మందు వాళ్లే వేసుకున్నారు. 2004 అక్టోబరు 12న న్యూయార్క్ హార్లెమ్‌లోని అపోలో థియేటర్‌లో ఈ పాటల్ని జనం ముందు పాడి, దాన్ని ఇంకో ఆల్బమ్‌గా తెచ్చారు. కొత్తగా వినేవాళ్లు ముందు అపోలో విని, తర్వాత స్టూడియో ఆల్బమ్‌కి రావడం మంచిదని నేను చెబుతాను. ఒకసారి జనం గోల చెవిలో పడ్డాక, స్టూడియో నిశ్శబ్దంలో ఆ జవాబు ఎక్కడ రావాలో మనకే తెలిసిపోతుంది.

1939లో ట్యాలడీగాలో పాడటం మొదలుపెట్టిన జార్జ్ స్కాట్ ఈ గ్రామీ వచ్చిన నెల తిరక్కముందే, 2005 మార్చి 9న, 75 ఏళ్ల వయసులో చనిపోయాడు. క్లారెన్స్ ఫౌంటెన్ 2018 జూన్‌లో వెళ్లిపోయాడు. బృందంలోని జిమ్మీ కార్టర్ (అమెరికా అధ్యక్షుడిది కూడా ఇదే పేరు, ఈయన వేరు) 2023 దాకా పాడి విరమించాడు. బృందం ఇప్పటికీ ఉంది, కొత్త గొంతులతో, భుజం మీద చెయ్యి వేసుకునే నడుస్తూ.